లేట్ లకారం - మనుమరాలి పాఠం

వ్యాకరణం చెప్పే ప్రతి అధ్యాపకుడూ పది లకారాలను వల్లింపజేస్తాడు. అయిదవదైన లేట్ దగ్గర మాత్రం "ఇది వేదంలోనే" అని ముందుకు పోతాడు. నేనూ అంతే. లఘుకౌముది చెప్పినన్నాళ్లూ లేట్‌కు నేను కేటాయించినది ఆ ఒక్క మాటే. సిద్ధాంతకౌముదిలో దాని వివరణ వైదికప్రక్రియలో ఉన్నది. అడిగిన ఒకరిద్దరు విద్యార్థులకు నేనిచ్చిన సమాధానం "పరీక్షకు రాదు" అని. ఆ లోపం నాది.

ఆ లేట్ మళ్లీ ఎదురైనది టెక్సాస్‌లో చదువుకొంటున్న మనుమరాలి వలన. ఆమె బడిలో సంస్కృతం లేదు, స్పానిషు తీసుకొన్నది. దాచుట ఎందుకు, నాకు కష్టం తోచింది. ఒక ఆదివారం శిరివెళ్లకు ఫోను చేసి, "తాతా, క్రియ ఒకటే కదా! జరిగేదానికి ఒక రూపం, జరగాలని కోరేదానికి ఇంకొక రూపం ఎందుకు?" అని అడిగింది.

రూపాలు చదవమన్నాను. 'అబ్ల' మాట్లాడుతున్నాడు; కోరికలో 'అబ్లె'. 'కోమె' తింటున్నాడు, కోరికలో 'కోమ'. అకారానికి ఎకారం, ఎకారానికి అకారం. ఇంతవరకు సుగమం. 'వస్తున్నాడు' అనుటకు 'వ్యేనె' కాగా, కోరికలో 'వెంగ' అట. ఈ గకారం ఎక్కడిది? ఉత్తమపురుషను అడిగినాను. 'వెంగో' అన్నది. అదే అంగం; ఓకారం పోయి అకారం వచ్చినది. దీనికీ లొంగనివి ఆరు క్రియలున్నవట. "అవి నిపాతనాలు" అన్నాను. నవ్వింది.

ఆ రాత్రి అష్టాధ్యాయి తీసినాను. లిఙర్థంలో లేట్ అని 3-4-7. ఉపసంవాదంలోనూ, ఆశంకలోనూ అని 3-4-8. స్పానిషులోనూ కోరిక, సందేహం, భయం చెప్పే క్రియల తరువాత ఈ రూపమే వస్తుందని పిల్ల చెప్పియున్నది. మన లేట్‌కు అట్, ఆట్ ఆగమాలు 3-4-94 వలన వస్తాయి. భవతి ఉండగా భవాతి. లోట్ ఉత్తమపురుషలోని భవాని, భవావ, భవామ లేట్ శేషాలేనని తులనాత్మక భాషావేత్తలంటారు. అనగా, వేదంలోనే ఉన్నదని నేను వదలిన దానిని నా విద్యార్థులు నిత్యం వల్లిస్తూనే ఉన్నారు!

గమ్ ధాతువుకు లేట్‌లో గమత్. ఋగ్వేదం మొదటి సూక్తం అయిదవ ఋక్కు చివరి పదం అదే. అగ్ని దేవతలతో కూడి రావలెనని కోరిక. చిన్ననాటి నుండి స్వరంతో చెప్పుచున్నాను, ఏ లకారమని ఏనాడూ తరచలేదు. స్పానిషు ధాతువుకు మూలమైన లాటిను 'వెనీరె' మన గమ్‌కు సజాతీయమే. రూపసిద్ధి మార్గాలు వేరు, ధాతువు ఒకటే.

మరుసటి వారం ఇదంతా చెప్పినాను. ఆమె శ్రద్ధగా విని, ఇంటిపనికి తాను వ్రాసిన వాక్యం చదివింది. మా తాత రావాలని కోరుతున్నాను అని దాని అర్థం. చివర 'వెంగ'. వ్రాతలో వకారమే గాని స్పానిషువారు దానిని బకారంగా పలుకుతారట. వబయోరభేదం మనకు కొత్త కాదు. ఆమె నోట అది 'బెంగ' అని వినిపించింది.

"వస్తావా తాతా?" అన్నది. లృట్‌లో చెప్పవలసిన సమాధానం. మోకాళ్ల సంగతి, వీసా సంగతి ఏవో చెప్పినాను. ఫోను పెట్టిన తరువాత వైదికప్రక్రియ తెరచి, లేట్ రూపాలను తెలుగు లిపిలో ఆమెకోసం వ్రాయ మొదలుపెట్టినాను. గమ్ ధాతువుతోనే ఆరంభించినాను.