చెరువు మీద బండి, బండి మీద జీపీఎస్

"చెరువు మీద బండి నడపడమేంట్రా, పిచ్చిగానీ పట్టిందా?" అంది అమ్మ ఫోన్లో. గడ్డకట్టిన చెరువమ్మా అన్నా వినలేదు. ఒంగోలు ఎండల్లో బతికిన మనిషికి ఎలా చెప్పేది? మిన్నెసోటా వచ్చిన కొత్తలో నాకే నమ్మబుద్ధి కాలేదు.

మా టీములో ఒక పెద్దాయన ఉన్నారు. చలికాలం శనివారాలన్నీ ఆయన మిల్ లాక్స్ సరస్సు మీదే. సుమారు 200 చదరపు మైళ్ళ సరస్సది. ఐసుకి బెజ్జం చేసి, గాలం వేసి, వాల్ఐ చేపల కోసం కూర్చోవడమే పని. అక్కడిదాకా స్నోమొబైల్ మీద వెళ్తారు. చేతిలో పట్టే చిన్న జీపీఎస్ కంటికి ఆనట్లేదని 9 అంగుళాల తెర ఉన్నది కొన్నారు. "నువ్వు ఎలక్ట్రానిక్స్ చదివావుగా, బిగించిపెట్టు" అన్నారు. ఇంకేం, రెచ్చిపోయా.

అనుకున్నంత వీజీ కాదండీ. హ్యాండిల్‌కి అంగుళం బాల్ మౌంట్ పెడితే గతుకులకి తెర తల వాల్చేసింది. అంగుళంన్నర బాల్‌ది తెస్తే, హ్యాండిల్ పూర్తిగా తిప్పినప్పుడు విండ్‌షీల్డ్‌కి కొట్టుకుంది. చివరికి డాష్ వెనక అల్యూమినియం రేకు పెట్టి బోల్టులు బిగించాం. ఇంజను ఐడిల్‌లో ఉంటే వోల్టేజి పడిపోయి తెర రీస్టార్ట్ అయ్యేది. దానికి విడిగా చిన్న బ్యాటరీ, ఫ్యూజూ. తెర నీట్‌గా కనబడాలని ట్రాక్ చుక్కలు కూడా నేనే ఆఫ్ చేశాను. అదే నేను చేసిన ఘనకార్యం.

పోయిన ఫిబ్రవరిలో తిరిగి వస్తుంటే గాలి లేచింది. ఎగిరే మంచుకి పది అడుగుల ముందు ఏముందో తెలీట్లేదు. నేను హీరోలా ఒడ్డు పాయింట్ నొక్కాను. తిన్నటి గీత, 3 మైళ్ళు! "స్ట్రెయిట్‌గా పోనివ్వండి" అన్నాను. కాసేపటికి ఆయన బండి ఆపేశారు. "వంతెన రాలేదేంటి?" అన్నారు.

గునపం లాంటి ఐస్ చిసెల్‌తో పొడుచుకుంటూ ముందుకి నడిచారు. 40 అడుగుల అవతల ప్రెషర్ రిడ్జ్. ఐసు పలకలు ఒకదాన్నొకటి నెట్టుకుని లేచిన గట్టు, దాని పక్కనే నల్లగా నీళ్ళు. తెర మీద మాత్రం అంతా ప్రశాంతమైన నీలం.

పొద్దున రిసార్టు వాళ్ళు పగులు మీద వేసిన వంతెన దాటే వచ్చాం. ఆ దారి జీపీఎస్‌లో భద్రంగానే ఉంది. దాచింది నేను! స్నోమొబైల్‌కి 5 నుంచి 7 అంగుళాల గట్టి ఐసు ఉండాలని మిన్నెసోటా సహజవనరుల శాఖ చెప్తుంది. మేం చేపలు పట్టిన చోట 18 ఉంది. సగటు తీస్తే క్షేమమే మరి.. మునిగేది సగటులో కాదుగా!

ఆయన నన్నేమీ అనలేదు. ట్రాక్ ఆన్ చేసి, "వచ్చిన దారినే పోదాం" అన్నారంతే. మ్యాపుకి సరస్సు తెలుసు, ఇవాళ్టి ఐసు తెలీదు. పొద్దున క్షేమంగా దాటొచ్చిన వంకర దారి ముందు నా షార్టెస్ట్ పాత్ ఏపాటిది?

అమ్మకి ఈ సంగతి చెప్పలేదు. మీరూ చెప్పకండేం.