ఒంటి ప్రతి

తాళపత్రములకు చెదలు శత్రువు. మన పూర్వు లీ సంగతి నెరిగినవారు గనుకనే శిథిలమగుచున్న ప్రతికి మరియొక ప్రతిని వ్రాయించుచు గ్రంథములను నిలిపిరి. పందొమ్మిదవ శతాబ్దమున సి. పి. బ్రౌనుగారు కడపలో పండితులను నియమించి తెలుగు కావ్యములకు ప్రతులు వ్రాయించిరి. ఒక్క ప్రతియే యున్న గ్రంథము సగము పోయినట్లే యను నాప్రాతబుద్ధిని, ఇంట కంప్యూటరు పెట్టుకొన్న మనము మరల నేర్చుకొనవలసి యున్నది.

నేడు ఇంటి దస్తావేజులును, బిడ్డల ఛాయాచిత్రములును, గతించిన పెద్దల కంఠస్వరములును ఒక డిస్కులో నున్నవి. డిస్కు చెడుట వింత గాదు. కావున ప్రతి యుంచవలెనా యనునది ప్రశ్న కాదు. ఏ విధమున నుంచవలె ననునదే ప్రశ్న.

బయటి డిస్కు నొకదానిని కొని ప్రతి తీయుట సులభము. తిరిగి పొందుటకు ఇంటర్నెట్టుతో పనిలేదు. కాని యది కంప్యూటరు ప్రక్కనే యున్నచో దొంగ రెంటిని గొనిపోవును. 2015 డిసెంబరులో చెన్నపట్టణమును ముంచినట్టి వరద రెంటిని ముంచును. ఎల్లప్పుడు తగిలించి యుంచుటయు ప్రమాదమే. 2017 మే నెలలో పెక్కు దేశముల కంప్యూటర్లను పట్టి పీడించిన వానాక్రై వంటి దుష్టప్రోగ్రాములు ఫైళ్లను రహస్యలిపిలోనికి మార్చి, విడుదలకు సొమ్మడుగును. తగిలియున్న డిస్కును గూడ విడువవు. కావున ప్రతి తీసిన వెంటనే డిస్కును విడదీసి దాచవలెను.

రెండవది క్లౌడు, అనగా దూరముననున్న కంపెనీవారి యంత్రములలో ప్రతి నుంచుట. ఇల్లు కాలినను అది నిలుచును. అయితే సింకు మాత్రమే చేయు సేవ అద్దము వంటిది. ఇచ్చట పొరపాటున తుడిచినది అచ్చటను తుడిచిపోవును. పూర్వరూపములను కొంతకాలము నిలిపి యుంచు సేవనే యెన్నుకొనవలెను.

ఈ రెంటిలో నేది మేలని తగవులాడ నక్కరలేదు. అమెరికా ఛాయాగ్రాహకుడు పీటర్ క్రోగ్ వ్యాప్తికి దెచ్చిన సూత్ర మొకటి కలదు: మూడు ప్రతులు, రెండు విధముల సాధనములు, అందొకటి యింటికి దూరముగా. కంప్యూటరులోని మూలము, విడదీసిన డిస్కు, క్లౌడు - వీనితో సూత్రము నెరవేరును. నెలసరి సొమ్ము భారమైనవారు రెండవ డిస్కును పొరుగూరి బంధువులయింట నుంచి, అప్పుడప్పుడు మార్చుకొనవచ్చును. మూడు నెలల కొకమారైన నేదో యొక ఫైలును ప్రతినుండి తీసి తెరచి చూడవలెను. తెరచి చూడని ప్రతిని నమ్మరాదు.

మేము ముఖ్యముగా చెప్పదలచిన దింకొకటి యున్నది. పూర్వము పెట్టె తాళపుచెవి గృహిణి కొంగున నుండెడిది. నేడు పెక్కిండ్లలో పాస్‌వర్డు పురుషు నొక్కని జ్ఞాపకమందే యున్నది. అతడు హఠాత్తుగా గతించినచో, రహస్యలిపిలో భద్రపరచిన ప్రతి భార్యకు రాతిబండ యగును. బిడ్డల చదువునకు వలసిన భీమాపత్రమైనను ఆమె చేతికి రాదు. జ్ఞాపకము గూడ ఒంటి ప్రతియే. కావున పాస్‌వర్డును కాగితముపై వ్రాసి యిరువురు నెరిగిన చోట నుంచవలెను. ప్రతి తీయుటయు, తిరిగి పొందుటయు స్త్రీలు స్వహస్తములతో అభ్యసింపవలెను. ఇల్లాలికి తెరవరాని పెట్టె యింటికి భద్రత గాజాలదు.