ఇంకా గ్రిప్ ఉంది కదా!

ఈ సంచికకు ఏదైనా రాయమని క్లబ్ వాళ్లు అడిగితే, కవితలు నా వల్ల కాదని ముందే చెప్పేశా. నాకు కాస్తో కూస్తో తెలిసింది బండి ఒక్కటే. అందులోనూ పోయిన ఏడాది నుంచి నా బుర్ర తిన్నది బండి టైరు. కాబట్టి టైర్ల మీదే రాస్తున్నా, భరించండి.

మాది అమ్రాబాద్. నాగర్‌కర్నూల్ జిల్లా, నల్లమల గుట్టల పైన. కాలేజీ నుంచి ఇంటికి పోవాలంటే శ్రీశైలం హైవే పట్టుకుని కడ్తాల్, ఆమనగల్లు, డిండి, హాజీపూర్ దాటి, ఘాట్ ఎక్కి, మన్ననూర్‌లో హైవే వదలాలి. నా బండి మీటరు ప్రకారం దగ్గర దగ్గర 150 కిలోమీటర్లు. డిండి దాకా రోడ్డు దాదాపు గీత గీసినట్టు ఉంటుంది. ఘాట్‌లో మలుపులు, కోతులు, వాన పడితే రోడ్డుకు అతుక్కుపోయే ఆకులు. ఇంటికి చేరాక చేనికి పోయే బాట ఎర్రమట్టి. ఒక్క ప్రయాణంలో మూడు రకాల నేల. ఈ మూడింటికీ ఒకే టైరు సరిపోవాలి, అది చానా రోజులు రావాలి, డబ్బులు తక్కువ కావాలి. మనందరి కోరిక ఇదే కదా.

సెకండియర్‌లో సెకండ్ హ్యాండ్ పల్సర్ 220 కొన్నా. నాయన పత్తి డబ్బుల్లోంచి సగం, నా ట్యూషన్ డబ్బులు సగం. అమ్మినాయన నాకు వెనక టైరు చూపించి, "చూడు తమ్మీ, ఎంత గ్రిప్ ఉందో" అన్నాడు. నిజంగానే గాళ్లు లోతుగా, కొత్తదాని లెక్క ఉన్నాయి. ఏడాదిలో ఆరు వేల కిలోమీటర్లు తిప్పినా పెద్దగా అరగలేదు. హాస్టల్‌లో అందరికీ గొప్పగా చెప్పుకునేవాణ్ణి, "నా టైరు రాయి రా, అరగదు" అని. అది ఎంత నిజమో అప్పటికి నాకు తెలియదు.

పోయిన ఏడాది శ్రావణంలో అమ్మను కళ్ల పరీక్షకు అచ్చంపేట తీసుకుపోతున్నా. మన్ననూర్ నుంచి హాజీపూర్ వైపు ఘాట్ దిగుతున్నాం. పెద్ద వాన కూడా కాదు, తుంపర. స్పీడు నలభై కూడా లేదు. మలుపులో ఒక కోతిపిల్ల అడ్డం వచ్చింది. బ్రేకు మెల్లగానే నొక్కా. వెనక చక్రం ఎవరో పక్కకు లాగినట్టు జారిపోయింది. నాకు మోకాలు చెక్కుకుపోయింది. అమ్మ చెయ్యి ఆనించి పడింది, కుడి మణికట్టు విరిగింది. ఆరు వారాలు పట్టీ. ఆ ఆరు వారాలూ అన్నం ఎడమ చేత్తో తిన్నది. వచ్చినోళ్లందరికీ "రోడ్డు తడిగుండె, పిల్లగాని తప్పేం లేదు" అని చెప్పింది. నాయన ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది.

బండి వంగిన హ్యాండిల్ సరిచేయిస్తుంటే పక్కనే ఉన్న పంక్చర్ షాపు అన్న వెనక టైరు చూసి, "తమ్మీ, దీని వయసెంతో చూసినవా?" అన్నాడు. వయసేంది, గాళ్లున్నాయి కదా అన్నా. ఆయన టైరు పక్కగోడ మీద గుడ్డతో తుడిచి నాలుగంకెలు చూపించాడు. 3214. అంటే 2014లో 32వ వారం. ఆగస్టు నెల. నేను అప్పుడు అయిదో తరగతి. ఆ టైరు పదేళ్లు ముసలిది! అందులో చాలా ఏళ్లు ఎవరింటి ముందో ఎండకు నిలబడి ఉంటుంది. "గోరు గుచ్చు" అన్నాడు. గుచ్చా. దిగలేదు. పక్కనే ఉన్న కొత్త టైరుకు గుచ్చితే కొద్దిగా దిగింది.

ఇక్కడ మన మాటే మనల్ని మోసం చేస్తోందని నాకు అనిపించింది. మనం టైరు మీద గాళ్లను గ్రిప్ అంటాం, రోడ్డును పట్టుకునే గుణాన్నీ గ్రిప్ అంటాం. "గ్రిప్ ఉంది" అంటే గాళ్లు ఉన్నాయని అర్థం, కానీ మన చెవికి అది రోడ్డును పట్టుకుంటుందని వినిపిస్తుంది. గాళ్ల పని నీళ్లను పక్కకు తోయడం. పట్టుకునేది రబ్బరు.

ఫస్టియర్ కెమిస్ట్రీలో వల్కనైజేషన్ చదివాం, గుర్తుందా? 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్, రబ్బరు, గంధకం, వేడి. రెండు మార్కుల ప్రశ్న. నేను రాసి మర్చిపోయా. గంధకం రబ్బరు గొలుసుల మధ్య వంతెనలు కడుతుంది, అందుకే రబ్బరు సాగి మళ్లీ వెనక్కి వస్తుంది. కానీ కథ ఫ్యాక్టరీలో ఆగదు. ఎండకు, గాలిలోని ఆక్సిజన్‌కు ఆ వంతెనలు ఏళ్ల తరబడి పెరుగుతూనే పోతాయి, రబ్బరు గట్టిపడుతుంది. ఓజోన్‌కు పగలకుండా కలిపే మైనం టైరు తిరుగుతూ వంగుతుంటేనే పైకి బాగా వస్తుంది. అందుకే వాడకుండా నిలబెట్టిన బండి టైరు తొందరగా బీటలిస్తుంది. తక్కువ తిరిగిన టైరు మంచిదనుకునే వాళ్లు ఈ వాక్యం ఇంకోసారి చదవండి.

తర్వాత కొత్త టైరు వెతుకులాట. మొదట నా కన్ను స్పోర్ట్ టూరింగ్ టైర్ల మీద పడింది. వాటిలో చాలావాటి ఉపాయం నాకు నచ్చింది. మధ్యలో గట్టి రబ్బరు, అంచుల్లో మెత్తటిది. హైవే మీద నిటారుగా పోతే మధ్య భాగం ఆనుతుంది, తొందరగా అరగదు. మలుపులో బండి వాలితే మెత్తటి అంచు పట్టుకుంటుంది. డిండి దాకా ఒక టైరు, ఘాట్‌లో ఇంకో టైరు అన్నమాట. మిషెలిన్ రోడ్ సిరీస్ లాంటివి ఇలాంటివే, కానీ అవి పెద్ద బండ్ల రిమ్ములకు. నా వెనక రిమ్ముకు కంపెనీ చెప్పిన సైజు 120/80-17. నా దోస్తు ఒకడు 140 ఎక్కించమన్నాడు, చూడ్డానికి బాగుంటుందని. సన్నటి రిమ్ముకు వెడల్పు టైరు ఎక్కిస్తే అది పిసికినట్టయి దాని గుండ్రదనం మారిపోతుంది. మలుపులో ఎక్కడ ఆనాలో అక్కడ ఆనదు. వద్దన్నా.

చేని బాట కోసం పెద్ద బటన్ల టైరు వేద్దామా అని ఒకరోజంతా ఊగిసలాడా. లెక్క వేస్తే నేను మట్టిలో తిరిగేది నెలకు పది కిలోమీటర్లు కూడా లేదు. ఆ పది కోసం మిగతా మూడొందల తారురోడ్డు మీద మోత భరించాలి, పైగా ఆ బటన్లు తారు మీద తొందరగా అరుగుతాయి. మట్టిలో మెల్లగా పోతే సరి. అందరికంటే ఎక్కువ మైలేజీ వస్తుందని షాపాయన చూపించిన గట్టి టైరును కూడా పక్కన పెట్టా. అరగకపోవడం, పట్టుకోవడం రెండూ ఒకే రబ్బరు నుంచి అడుగుతున్నాం మనం. ఒకటి పెంచితే ఇంకోటి ఎంతో కొంత తగ్గుతుంది. సిలికా కలిపిన రబ్బర్లు వచ్చాక ఈ గొడవ కొంత తగ్గింది గానీ పోలేదు.

చివరికి తీసుకున్నది మధ్యరకం. రోడ్డు కోసం చేసింది, గాళ్లు మధ్య నుంచి అంచుల దాకా పారేవి. ట్యూబ్‌లెస్ కచ్చితంగా కావాలన్నా, ఎందుకంటే మన్ననూర్ దాటి శ్రీశైలం వైపు అడవిలో పంక్చరైతే షాపు ఎక్కడ దొరుకుతుంది? రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా ఆ రోడ్డే మూస్తారు. షాపాయన ముందుగా తెచ్చింది మూడేళ్ల కిందటి స్టాకు. నాలుగంకెలు చదివి వాపస్ ఇచ్చా. ఆయన నన్ను వింతగా చూశాడు. లోపలికి పోయి నాలుగు నెలల కిందటిది తెచ్చాడు. ముందు టైరు కూడా మార్పించా. జేబు ఖాళీ, ఆ నెల మెస్‌లో అప్పు.

పంక్చర్ షాపు అన్న రెండు మాటలు చెప్పాడు. కొత్త టైరు మీద మొదటి వంద కిలోమీటర్లు మెల్లగా పో, పైన నున్నటి పొర పోవాలె. గాలి ఎక్కువ కొట్టించకు. రెండోది నాకు తగిలింది. మైలేజీ వస్తుందని నేను నలభై కొట్టించేవాణ్ణి. నా బండికి కంపెనీ చెప్పింది వెనక ఒక్కడుంటే 28, ఇద్దరుంటే 32. ఎక్కువ గాలికి టైరు ఉబ్బి నడుమ ఒక్కటే ఆనుతుంది, అక్కడే అరుగుతుంది. ఇప్పుడు వారానికోసారి చల్లటి టైరుకు గాలి చూస్తున్నా. అరుగుదల చూడ్డానికి గాళ్ల అడుగున చిన్న గట్లు ఉంటాయి. రబ్బరు అరిగి వాటితో సమానమైతే మార్చాల్సిందే. టూవీలర్‌కు అది 0.8 మిల్లీమీటర్లు. నేను అంతదాకా ఆగదలచుకోలేదు, వానాకాలం ముందు అయితే అసలే ఆగను.

సంక్రాంతికి అమ్మ మళ్లీ బండెక్కింది. అదే మలుపు. ఎండగా ఉంది, రోడ్డు పొడిగా ఉంది, అయినా ఇరవైకి దించా. వెనక నుంచి, "ఏందిరా, నడుసుకుంట పోయినా ఈపాటికి అచ్చంపేట చేరుతుంటిమి" అంది. కుడిచెయ్యి మాత్రం నా భుజం మీద గట్టిగా పట్టుకునే ఉంది.

ఆ సాయంత్రం ఇంటి ముందున్న నాయన ఎక్సెల్ వెనక టైరు తుడిచి చూశా. 1116. పక్కగోడ మీద వెంట్రుక సందుల్లాంటి బీటలు. మార్పిద్దాం నాయనా అన్నా. ఆయన వంగి, గాళ్లలో వేలు పెట్టి చూసి, "ఇంకా గ్రిప్ ఉంది గదరా" అన్నాడు. చేనికి పోయి రావడానికే కదా అంటాడు. ఆ చేనికి అమ్మ కూడా ఆ బండి వెనకే కూర్చుని పోతుంది. డబ్బులు నేనే పెడతానన్నా ఒప్పుకోలేదు. ఉగాదికి పోయినప్పుడు ఆయన నిద్ర లేవకముందే చక్రం విప్పుకుపోదామని ఉంది.