ఉన్నది ఒక్కటే తూటా... ఏది ఎంచుకోవాలి?

పోచంపల్లి అనగానే చీర గుర్తొస్తుంది. కొండపల్లి అనగానే బొమ్మ. యూరప్‌లో వేట తెలిసినవాళ్ల దగ్గర ఫెర్లాఖ్ పేరెత్తితే తుపాకీ గుర్తొస్తుంది. ఆస్ట్రియా దక్షిణపు కొసన, కారవాంకెన్ పర్వతాల పాదాల దగ్గర ఉందీ పట్టణం. జనాభా ఏడువేల పైచిలుకు. దగ్గర్లో ద్రావా నది, వెనకాల శీతాకాలమంతా మంచు కప్పుకునే కొండలు, అవి దాటితే స్లొవేనియా. చుట్టూ ఉన్న లోయ పేరు రోజెన్‌టాల్... అంటే గులాబీల లోయ. గులాబీల లోయలో తుపాకులేంటి అనిపిస్తుంది కానీ, ఇక్కడ ఈ పని 16వ శతాబ్దం నుంచీ నడుస్తోంది. ఇనుము దగ్గర్లోనే దొరికేది. కొలిమికి బొగ్గు అడవి ఇచ్చేది. సమ్మెటలు ఆడించడానికి కొండవాగులు ఉండనే ఉన్నాయి.

మొదట్లో ఇక్కడి కమ్మరులు హాబ్స్‌బర్గ్ చక్రవర్తుల సైన్యాలకి తుపాకులు చేసిచ్చేవారు. 1860ల తర్వాత ష్టయర్ పట్టణంలో వెర్న్‌డ్ల్ కట్టించిన పెద్ద ఫ్యాక్టరీ ఆ ఆర్డర్లన్నీ ఎగరేసుకుపోయింది. యంత్రంతో పోటీపడలేని ఊరు వేట తుపాకుల మీద బతకడం నేర్చుకుంది. 1878లో తుపాకీ తయారీకి ఓ బడి కూడా పెట్టారు. అది ఇప్పటికీ ఉంది. కుర్రాళ్లు ఆకురాయి పట్టి ఉక్కు రుద్దడం నుంచి మొదలుపెడతారు. గ్లాక్ పిస్టళ్ల ఫ్యాక్టరీ కూడా ఈ ఊళ్లోనే ఉందనేది వేరే సంగతి. ఊరికి పేరు తెచ్చింది మాత్రం చేత్తో చేసే తుపాకులే.

వాటిలో అందరికంటే బక్కపలచనిది కిప్‌లౌఫ్. ఒకటే బ్యారెల్, ఒకటే తూటా. కీలు దగ్గర వంచితే బ్యారెల్ ముందుకి వాలుతుంది. వెనక నుంచి తూటా పెట్టి మళ్లీ మూస్తారు. బరువు మూడు కిలోల లోపే. గుండు తగలకపోతే మళ్లీ వంచి, కాలిన ఇత్తడి తొడుగు లాగేసి, కొత్తది పెట్టుకోవాలి. ఈలోగా జంతువు లోయ దాటేస్తుంది! మరి ఇంత కష్టమెందుకంటే... కొండ. ఆల్ప్స్‌లో గామ్స్ అనే జంతువుంటుంది. మేకకీ జింకకీ మధ్యలో ఉన్నట్టుండి, నెత్తిన కొక్కేల్లాంటి కొమ్ములతో నిట్టనిలువు రాళ్ల మీద నడుస్తుంది. దానికోసం నాలుగైదు గంటలు ఎక్కాలి. అప్పుడు భుజాన ఉన్న ప్రతి వంద గ్రాములూ తెలుస్తాయి.

మనకి ఇది వినడానికే ఇబ్బందిగా ఉండొచ్చు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత మన దగ్గర వేట నేరం. అక్కడ పరీక్ష పాసై లైసెన్సు తీసుకున్నవాళ్లే వేటాడాలి. ఏ అడవిలో ఏ జంతువుని ఎన్నింటిని కొట్టొచ్చో ముందే లెక్క కడతారు. ఆ లెక్క దాటితే అక్కడా నేరమే.

కిప్‌లౌఫ్ ఆర్డరివ్వడానికి వెళ్లినవాళ్లని అన్నిటికంటే ముందు అడిగే ప్రశ్నల్లో ఒకటి: ఏ తూటాకి చేయమంటారు? ఇది చొక్కా రంగు లాంటిది కాదు. బ్యారెల్ వెనక భాగంలో తూటా కూర్చునే గదిని దాని కొలతకే తొలుస్తారు. ఒకసారి తొలిచాక అది ఆ తూటాదే. తండ్రి తర్వాత కొడుకు వాడినా అదే. అందుకే అక్కడి వేటగాళ్లు పెళ్లిసంబంధం చూసినంత సేపు ఆలోచిస్తారు. చిత్రమేంటంటే, ఎంచుకోవాల్సినవి కవలల్లా ఉంటాయి.

ఎక్కువ తర్జనభర్జన 7×57 ఆర్‌కీ 7×65 ఆర్‌కీ మధ్యే. మొదటి అంకె గుండు లావు, మిల్లీమీటర్లలో. రెండోది ఇత్తడి తొడుగు పొడవు. ఆర్ అంటే జర్మన్‌లో అంచు. తొడుగు అడుగున చిన్న గట్టులా బయటికి వస్తుందది. వంగే తుపాకీలో తూటా లోపలికి జారిపోకుండా ఆపేదీ, కాల్చాక బయటికి లాగడానికి పట్టు ఇచ్చేదీ ఆ అంచే. రెండిట్లోనూ గుండు ఒకటే. రెండోదాంట్లో తొడుగు 8 మిల్లీమీటర్లు పొడవు, అంటే మందు కాస్త ఎక్కువ. మొదటిది 1892 నాటి మౌజర్ తూటాకి అంచు తొడిగిన చెల్లెలు. రెండోది 1917లో విల్‌హెల్మ్ బ్రెనెకె రూపొందించింది.

ఎనిమిది మిల్లీమీటర్లతో ఒరిగేదేంటి? పదిన్నర గ్రాముల గుండుని 7×57 ఆర్ సెకనుకి సుమారు 780 మీటర్ల వేగంతో పంపితే, 7×65 ఆర్ మరో 80, 90 మీటర్లు ఎక్కువ వేగంతో పంపుతుంది. రెండింటినీ 100 మీటర్ల దగ్గర గురి కుదిర్చి, 200 మీటర్ల దూరంలో కాలిస్తే గుండ్లు తగిలే చోట్ల మధ్య తేడా నాలుగైదు సెంటీమీటర్లు. చిటికెన వేలంత కూడా కాదు. కాగితం మీద గొప్పగా కనిపించే వేగం జంతువు దగ్గరికి వచ్చేసరికి అంతే మిగులుతుంది.

దానికి కట్టే మూల్యం మాత్రం భుజం మీద తెలుస్తుంది. మూడు కిలోల తుపాకీలో ఎక్కువ మందు పేలితే వెనక్కి గట్టిగా తంతుంది. రెండుసార్లు తన్నించుకున్నవాడు మూడోసారి ట్రిగ్గర్ నొక్కేముందే కళ్లు మూసుకుంటాడు. గురి తప్పేది అక్కడే. గుండు గుండెకి కాకుండా పొట్టకి తగిలితే ఆ జంతువు రాత్రంతా ఎక్కడో రాళ్ల మధ్య నరకయాతన పడి చస్తుంది. ఒకటే తూటా ఉన్న తుపాకీలో సరిదిద్దుకునే రెండో అవకాశం దాదాపు ఉండదు. కాబట్టి మెత్తగా తన్నే పాత 7×57 ఆర్‌ పట్టుకుని ఇంకో వంద మీటర్లు పాక్కుంటూ దగ్గరికెళ్లడమే మంచి బేరం. గామ్స్ పోతు బరువు 30, 40 కిలోలు. దానికి ఈ తూటా చాలు, మిగులుతుంది కూడా.

అంచులేని ఆ అక్క తూటా మనకి పరాయిదేం కాదు. లండన్‌లో రిగ్బీ కంపెనీ దాన్నే అంగుళాల్లోకి మార్చి .275 రిగ్బీ అని పేరుపెట్టి అమ్మింది. చంపావత్ ఆడపులిని చంపినందుకు 1907లో యునైటెడ్ ప్రావిన్సెస్ లెఫ్టినెంట్ గవర్నర్ సర్ జాన్ హ్యూయెట్ జిమ్ కార్బెట్‌కి బహూకరించింది ఆ తూటా కాల్చే రైఫిల్నే. 1926లో రుద్రప్రయాగ చిరుత కథ ముగించిందీ అదే. కార్బెట్ చేతిలోది వరసగా తూటాలు పట్టే బోల్ట్ రైఫిల్ అనుకోండి. అయినా ఆ చీకటి రాత్రి ఆయనకి దొరికింది ఒక్క గుండుకే సమయం.

ఇప్పుడు ఈ పాత వాదనలోకి కొత్త పితలాటకం వచ్చింది. సీసం గుండు ముక్కలు జంతువు పేగుల్లో మిగిలిపోతే, వాటిని తిన్న గద్దలకీ రాబందులకీ విషం ఎక్కుతోంది. జర్మనీలో కొన్ని రాష్ట్రాలు వేటలో సీసం గుండ్లని నిషేధించాయి. బదులుగా వచ్చిన రాగి గుండు తేలిక. అది లోపల పువ్వులా విచ్చుకోవాలంటే వేగం కావాలి. దూరం పెరిగి వేగం తగ్గితే సూదిలా దూసుకుపోతుంది. అప్పుడు ఆ 8 మిల్లీమీటర్లకి అర్థం వస్తుంది. ఎత్తుల్లో, దూరం నుంచి, రాగితో కాల్చేవాళ్లు 7×65 ఆర్ వైపు మొగ్గితే తప్పుపట్టలేం. అడవి అంచున కాల్చేవాళ్లకి ఇప్పటికీ పాతదే మేలు.

ఏది ఎంచుకున్నా తుపాకీ ఇంటికి వెళ్లేముందు ఊళ్లోనే ఉన్న ప్రభుత్వ పరీక్షా కేంద్రం గడప తొక్కాలి. ఆ తూటాకి అనుమతించిన గరిష్ఠ పీడనం కంటే పావు వంతు ఎక్కువ పుట్టించే తూటాలు పెట్టి కాలుస్తారు. పగుళ్లూ, వాపులూ లేకపోతే ఉక్కు మీద ముద్ర కొడతారు. పక్కనే తూటా పేరు కూడా ఉంటుంది. ఊరి కోటలో ఉన్న తుపాకీల తయారీ, వేట మ్యూజియంలో పాత బ్యారెళ్ల దగ్గర వంగి చూస్తే ఈ ముద్రలు కనిపిస్తాయి. క్లాగెన్‌ఫుర్ట్ నుంచి దక్షిణంగా పదిహేను కిలోమీటర్లు వెళ్తే ఊరు వచ్చేస్తుంది. మ్యూజియం చూశాక ఓపికుంటే అదే దారిలో ఇంకా పైకెళ్లొచ్చు. లోయిబ్ల్ కనుమ ఎక్కే రోడ్డు పక్కన, పొద్దున్నే వెళ్లినవాళ్లకి, రాళ్ల మీద గామ్స్ కనిపించినా కనిపించొచ్చు.