రెండు గూళ్లు
డాలస్‌లో మావాడు పెంచుకునే కార్న్ స్నేక్‌కి నిన్న నాలుగడుగుల గాజు పెట్టె అమర్చాం. ఒక పక్క 85 డిగ్రీల ఫారన్‌హీట్ వెచ్చదనం, రెండో పక్క 75 దగ్గర. పాముకి ఒంట్లో సొంతంగా వేడి పుట్టదు కదా, అటూ ఇటూ జరుగుతూ తనే సర్దుకుంటుంది. అందుకే దాక్కోవడానికి రెండు పక్కలా రెండు గూళ్లు. ఒక్కటే పెడితే చలైనా ఉక్కైనా భయంతో అందులోనే ముడుచుకుని ఉండిపోతుంది, పాపం. హీట్ మ్యాట్‌కి థర్మోస్టాట్ తప్పనిసరి, లేకపోతే పొట్ట కాలుతుంది. మూతకి గట్టి గొళ్లెం.

రాత్రి చూస్తే గూట్లోంచి తల మాత్రం బయటపెట్టి, నాలుక ఆడిస్తూ కొత్త చోటు వాసన పడుతోంది. ఎంత ముద్దొచ్చిందో!

ఇది చూసి ఊళ్లో పిల్లలెవరూ పాముల్ని పట్టకండి. మన దేశపు పాముల్ని ఇంట్లో పెంచడం 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. ఇంట్లోకొస్తే అటవీశాఖకి ఫోన్ చేయండి.