నాయన కూర్చున్న పాత అరుగు

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్లు ఫోన్ చేశారు. కష్టపడి చదవండి అని వార్డెన్ గారు మీకు రోజూ చెబుతూనే ఉంటారు. అందుకని నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక రాత్రి నన్ను ఏడిపించిన సంగతి రాస్తాను.

నా పని లినక్స్ సర్వర్లు చూసుకోవడం. అక్కడ మౌసుతో పని లేదు, నల్ల తెర మీద కమాండ్లు టైపు చేయాలి. మనం కొట్టిన మాటను అందుకుని పని చేయించేదాన్ని షెల్ అంటారు. మేము వాడేది బాష్. 1989లో బ్రయాన్ ఫాక్స్ రాసింది. చాలా కమాండ్ల వెనుక ఒక ప్రోగ్రాం ఫైలు ఏదో ఒక డైరెక్టరీలో ఉంటుంది. ఏ డైరెక్టరీలు, ఏ వరుసలో వెతకాలో పాత్ అనే జాబితా చెబుతుంది. షెల్ ఆ వరుసలో ఒక్కొక్కటే చూసుకుంటూ పోతుంది.

మా నాయన మొదటిసారి నన్ను చూడ్డానికి ఎమ్మిగనూరు వచ్చినప్పుడు ఇట్లాగే వెతికాడు. బోర్డు చదవడం రాదు. బస్టాండులో అడిగి, టీ అంగడిలో అడిగి, సోమప్ప సర్కిల్లో అడిగి, మా హాస్టలు ఉండే అద్దె ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. రెండోసారి ఎవరినీ అడగలేదు. బస్సు దిగి నేరుగా వచ్చేశాడు.

షెల్ కూడా అంతే. ఒకసారి దొరికిన ప్రోగ్రాం పూర్తి చిరునామాను హాష్ పట్టికలో దాచుకుంటుంది. మళ్లీ అవసరమైతే పట్టికనంతా మొదటినుంచి చదవదు. పేరులోని అక్షరాలతో లెక్క కట్టి, వచ్చిన అంకె గల గడిలోనే చూస్తుంది. మన ట్రంకు పెట్టె మీద నంబరు లాంటిదే, కాకపోతే ఈ నంబరు పేరు నుంచే పుడుతుంది.

ఆ రోజు పొద్దున ఒక బ్యాకప్ ప్రోగ్రాం నడిపాను. రాత్రి దాని పాత ఫైలు తీసేసి, కొత్తది వేరే డైరెక్టరీలో పెట్టాను. కమాండ్ కొడితే, పాత చిరునామా చూపించి అక్కడ ఫైలు లేదంది. విచ్ అనే కమాండ్‌తో అడిగితే కొత్త చోటు సరిగ్గా చెప్పింది. ఒకటి ఉందంటుంది, ఒకటి లేదంటుంది! ఫైలు రెండుసార్లు మళ్లీ వేశాను, అనుమతులు మార్చాను. ఆరు నెలల ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు. ఉద్యోగం పోయిందనే అనుకున్నాను. రాత్రి రెండు గంటలకు సీనియర్‌కు ఫోన్ చేస్తే, నిద్రమత్తులోనే "హాష్ అని కొట్టి, ఖాళీ ఇచ్చి, అడ్డగీత, ఆర్ కొట్టు" అని పెట్టేశాడు. దాంతో పట్టిక ఖాళీ అయింది. షెల్ మళ్లీ మొదటినుంచి వెతికి కొత్తది పట్టుకుంది. విచ్ వేరే ప్రోగ్రాం, దానికి ఈ పట్టిక తెలియదు, ప్రతిసారీ వెతుక్కుంటుంది. ఇంకో టెర్మినల్ తెరిచి ఉన్నా సరిపోయేది, కొత్త షెల్‌కు పాత జ్ఞాపకాలు ఉండవు.

ఆ రాత్రి నాకు తొమ్మిదో తరగతి గుర్తొచ్చింది. సంక్రాంతి సెలవులు కాగానే హాస్టలు సొంత బిల్డింగుకు మారింది. నీలకంఠేశ్వరస్వామి జాతరకు నాయన వస్తానన్నాడు. పొద్దుటి నుంచి కొత్త గేటు దగ్గర నిలబడి ఎదురుచూశాను. రాలేదు. నెలరోజులు ఆయన మీద కోపంతో ఉన్నాను. ఊరికి పోయినప్పుడు కూడా మాట్లాడలేదు.

చివరికి అమ్మ చెప్పింది. నాయన వచ్చాడట. పాత ఇంటికి బీగం వేసి ఉంటే, పిల్లోళ్లంతా జాతరకు పోయుంటారని అరుగు మీద కూర్చున్నాడట. సాయంత్రం ఆఖరి బస్సు దాకా కూర్చుని, జొన్నరొట్టెలూ బుడ్డల పొడీ ఉన్న మూట మళ్లీ ఇంటికే తెచ్చాడట.

బాష్‌లో చెక్‌హాష్ అని ఒక ఏర్పాటు ఉంది. అది పెట్టుకుంటే, గుర్తున్న చోట ఫైలు లేనప్పుడు షెల్ తనే మళ్లీ వెతుకుతుంది. మామూలుగా అది ఆపేసి ఉంటుంది. నా సర్వర్లన్నిటిలో పెట్టుకున్నాను.

"ఎవరినన్నా అడగొచ్చు కద నాయనా" అన్నాను ఆ రోజు.

"నాకు దారి తెలుసు కదరా, ఎందుకడుగుతా" అన్నాడు. "మారినామని నువ్వు చెప్పి పంపకపోతివి."