ఆరు నెలలు దాటిన పందులు

న్యూయార్క్ రాష్ట్రంలోని వాట్కిన్స్ గ్లెన్ అంటే మనవాళ్లకు జలపాతాలే. న్యూజెర్సీ నుంచి పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నానికి చేరిపోవచ్చు. కొండచీలికలో 19 జలపాతాలు, వందల మెట్లు, తడిరాళ్ల మీద సెల్ఫీలు, కింద సెనెకా సరస్సు. అవి చూసుకుని అటునుంచటే వెనక్కి వచ్చేస్తారు. మేం మాత్రం ఊరు దాటి కొండల్లోకి వెళ్లాం. అన్నయ్య కూతురికి పన్నెండేళ్లు. పందుల్ని చూడాలని దాని పట్టు.

ఆ చోటు పేరు ఫార్మ్ శాంక్చువరీ. 1986లో జీన్ బావర్, లోరీ హ్యూస్టన్ మొదలుపెట్టారు. పెన్సిల్వేనియాలో ఓ పశువుల సంత వెనక, చచ్చినవాటిని పారేసే కుప్పలో ఒక గొర్రె తల ఎత్తి చూసిందట. దాన్ని తెచ్చుకుని హిల్డా అని పేరు పెట్టారు. పదేళ్లకు పైగా బతికింది. అప్పట్లో ఖర్చులకు వీళ్లు వ్యాన్ వేసుకుని రాక్ కచేరీల దగ్గర వెజ్ హాట్‌డాగ్‌లు అమ్మేవారు!

పందుల కొట్టంలోకి అడుగుపెట్టగానే మా వదిన నా చెయ్యి పట్టుకుంది. మన ఊళ్లలో మురిక్కాలవ పక్కన తిరిగే నల్లపందుల్ని చూసిన కళ్లకు ఇవి వేరే జంతువులే. ఒక్కోటి మూడొందల కిలోల పైమాటే. మోకాళ్ల లోతు గడ్డిలో ఒకదాన్నొకటి ఆనుకుని గురక పెడుతున్నాయి. వాసన? ఉంది గానీ, భయపడినంత లేదు. చోటుంటే పంది తను పడుకునే చోట పెంట వెయ్యదు. బురద సంగతీ అంతే. దానికి మనలా చెమట పట్టదు, తెల్లచర్మం ఎండకు కమిలిపోతుంది. ఏసీ, సన్‌స్క్రీన్ రెండూ బురదే.

ఒక ముసలిది లేవబోయింది. ముందు కుక్కలా కూర్చుంది. ఆగింది. మళ్లీ ప్రయత్నించి వెనక భాగం ఎత్తింది. నిలబడ్డానికి నిమిషం పట్టింది. ఫారం పందిని త్వరగా బరువెక్కేలా తయారుచేశారు. ఆరు నెలలకే నూటపాతిక కిలోలు, ఆ వెంటనే కబేళా. ఆ తర్వాత ఆ కాళ్లు ఏమవుతాయన్నది ఎవరి లెక్కలోనూ లేదు. బతకనిస్తే పదేళ్లు దాటి బతికే జీవం. అందుకే ఇక్కడ కీళ్లనొప్పుల మాత్రలు తిండిలో దాచిపెడతారు.

2008లో అయోవా వరదలప్పుడు కొన్ని పందులు ఈదుకుంటూ కరకట్టలెక్కాయి. కట్టలు దెబ్బతింటాయని అధికారులు కొన్నింటిని కాల్చేశారు. మిగిలినవాటిలో పదుల సంఖ్యలో పందుల్ని ఈ సంస్థవాళ్లు పట్టి తెచ్చారు.

"బాబాయ్, ఒకదాన్ని తీసుకెళ్దామా?" అంది పిల్ల.

"ముందు నీ గది సర్దుకో," అంది వదిన.

నవ్వాం గానీ, అడిగినదాంట్లో తప్పులేదు. ఇలాంటి ఆశ్రయాలు పందుల్ని నిజంగానే దత్తతిస్తాయి. ఒంటరిగా దిగులుపడుతుంది కాబట్టి జంటగానే తీసుకెళ్లాలి. గట్టి కంచె, పొడి కొట్టం, పెద్ద పందికి వైద్యం తెలిసిన డాక్టరు దగ్గర్లో ఉండాలి. తినకూడదు, అమ్మకూడదు, పిల్లల్ని పెట్టించకూడదు. పైగా చాలా టౌన్లలో ఇంటి దగ్గర పందిని పెంచడానికి చట్టం ఒప్పుకోదు. అన్నయ్య వాళ్ల టౌన్‌హౌస్ వెనకున్న గడ్డినైతే రెండు పందులు ఒక్క పూటలో తవ్విపారేస్తాయి.

కెనడాలో 2012లో ఒక జంట మినీ పంది అనుకుని ఎస్తర్‌ను తెచ్చుకున్నారు. అది మూడొందల కిలోలైంది. దాన్ని వదల్లేక ఇల్లే మార్చి, పొలం కొని ఆశ్రయం పెట్టారు. 2023లో అది పోయేదాకా దానితోనే ఉన్నారు. నా దృష్టిలో దత్తత అంటే అదీ. నెలనెలా డబ్బు కట్టి సర్టిఫికెట్ తెచ్చుకునేదాన్ని పోషణ అంటే చాలు. అలాగని అది తక్కువేం కాదు, ఆ మాత్రలకు డబ్బు అక్కణ్నుంచే రావాలి. పిల్ల తన పుట్టినరోజు డబ్బులు అందుకే ఇస్తానంది. వదిన సరేనంది.

వెళ్లేవాళ్లు టూర్ ముందే బుక్ చేసుకోండి. పాత బూట్లు వేసుకోండి. ముసలి పంది పొట్ట నిమిరితే పక్కకు ఒరిగిపోతుంది, కాళ్లు జాగ్రత్త. జలపాతాల దారి చలికాలంలో మూసేస్తారు, మే తర్వాతైతే రెండూ చూడొచ్చు.